నల్లగొండలో కొత్త కారు కొన్న మరునాడే తలుపు రంగులో తేడా కనిపించింది, షోరూమ్ వారు నా సంతకం చూపిస్తున్నారు

పానగల్లు టీచర్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను నల్లగొండ పక్కనే పానగల్లులో ఉంటాను. ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. పద్దెనిమిదేళ్లుగా మోటారు సైకిల్ మీదే నెట్టుకొచ్చిన మా ఇంటికి ఈ కార్తీకంలో మొదటి కారు వచ్చింది. అది వచ్చిన తీరును మొదటి నుంచి రాస్తాను, ఎందుకంటే చివర జరిగిన దానికి విత్తనం మొదట్లోనే పడిందని ఇప్పుడు అనిపిస్తున్నది. వ్యవహారం ఇంకా తేలలేదు కనుక డీలరు పేరు గానీ కారు పేరు గానీ రాయడం లేదు.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గుతుందని ప్రకటన వచ్చినప్పుడు, ఏడాదిగా వాయిదా వేస్తున్న మా ఆలోచనలో కదలిక వచ్చింది. మేము చూసుకున్న బండి పొడవు నాలుగు మీటర్ల లోపు, పెట్రోలు ఇంజను 1200 సీసీ లోపు కాబట్టి తగ్గింపు మాకూ వర్తిస్తుంది. హైదరాబాదులో ప్రధాన షోరూమ్, నల్లగొండలో శాఖ ఉన్న ఒక డీలరు దగ్గర సెప్టెంబరు 11న 21,000 రూపాయలు కట్టి బుక్ చేశాను. అక్టోబరు 2న దసరా. ఆ రోజుకు బండి మా వాకిట్లో ఉంటుందని సేల్స్ ఎగ్జిక్యూటివ్ అన్నాడు. ఆ మాటే కాగితం మీద రాసివ్వమంటే, "మా మాట మీద నమ్మకం లేదా సార్" అని నవ్వాడు. లెక్క చేసిన తీరు చూపకుండా జవాబు మాత్రమే రాసిన పిల్లలకు మార్కులు ఇవ్వని వాడిని, ఆ రోజు ఎందుకో ఊరుకున్నాను.

దసరా వెళ్లిపోయింది. "బండి బయలుదేరింది, బ్యాంకు డబ్బు పడితే చాలు" అని రోజుకు నాలుగైదు ఫోన్లు చేయడంతో, అక్టోబరు 8న 6 లక్షల రుణం మొత్తాన్ని బ్యాంకు డీలరు ఖాతాలో జమ చేసింది. ఆ మరునాటి నుంచి ఫోన్లు ఆగిపోయాయి. నేను చేస్తే ఎత్తరు. ఎత్తితే "మీటింగులో ఉన్నాను సార్" అంటారు. దీపావళి కూడా దాటిపోయింది. చివరకు నవంబరు 4న బండి ఇచ్చారు. అంటే 27 రోజుల పాటు, లేని బండికి నేను వడ్డీ కట్టాను. సాలుకు 9 శాతం చొప్పున లెక్క వేస్తే అది దాదాపు 4 వేల రూపాయలు.

బిల్లు సంగతి వేరే కథ. 8,64,000 రూపాయల ఎక్స్‌షోరూమ్ ధర మీద 6,500 రూపాయలు "హ్యాండ్లింగ్" అని, 14,800 రూపాయలు "బేసిక్ కిట్" అని వేశారు. కిట్ అంటే మ్యాట్లు, మడ్‌ఫ్లాపులు, సీటు కవర్లు, ఒక పర్‌ఫ్యూమ్ సీసా. వద్దంటే, అవి లేకుండా బండి బిల్లు కాదన్నారు. ఇన్సూరెన్సు 46,200 రూపాయలు. అదే విలువకు, అవే కవర్లతో బయట నేను తెచ్చుకున్న కొటేషన్ 33,400 రూపాయలు. బయటి పాలసీ అయితే డెలివరీ ఇంకా ఆలస్యమవుతుందని, క్యాష్‌లెస్ (మరమ్మతు ఖర్చును ఇన్సూరెన్సు వారే నేరుగా కట్టే) సౌకర్యం ఉండదని బెదిరింపు లాంటి సలహా ఇచ్చారు. ఇన్సూరెన్సు తేడాతో సహా మూడూ కలిపితే 34,100 రూపాయలు నా ఇష్టం లేకుండా కట్టినట్టు లెక్క.

నవంబరు 5న కార్తీక పౌర్ణమి. చెరువుగట్టు రామలింగేశ్వరుని గుట్ట దగ్గర వాహన పూజ చేయించాలని అమ్మ పట్టుబట్టింది. ఆ తొందర షోరూమ్ వారికి తెలుసు. నాలుగో తారీకు మధ్యాహ్నం రమ్మని, సాయంత్రం ఏడున్నర వరకు కూర్చోబెట్టి, చీకటి పడ్డాక ట్యూబులైట్ల కింద బండి చూపించారు. రిబ్బను, కేకు, పెద్ద తాళం చెవి బొమ్మతో ఫోటో. ఆ హడావిడిలోనే నాలుగు కాగితాల మీద సంతకాలు తీసుకున్నారు. వాటిలో ఒకటి, బండిని అన్ని విధాలా పరిశీలించి తృప్తిగా తీసుకున్నానని. ఓడోమీటరు 164 కిలోమీటర్లు చూపిస్తున్నది. అడిగితే హైదరాబాదు నుంచి నడిపించుకు వచ్చామన్నారు. వెళ్తుంటే ఎగ్జిక్యూటివ్ చెవి దగ్గరకు వచ్చి, కంపెనీ నుంచి సర్వే ఫోన్ వస్తుందని, పదికి పది వేయమని, తొమ్మిది వేసినా తన జీతం పోతుందని చెప్పాడు.

మరునాటి ఉదయం గట్టు కింద పూజ అయ్యాక, కుంకుమ బొట్లు ఎండకు కారుతున్నాయని మా నాయన గుడ్డతో తుడుస్తూ ఎడమ వైపు వెనక తలుపు దగ్గర ఆగిపోయాడు. ఆయన బత్తాయి తోట రైతు. అంగట్లో నోరు తెరిపించి పండ్లు చూడకుండా ఎన్నడూ ఎద్దును కొనలేదు. "ఈ తలుపు వేరే తలుపు లెక్క ఉన్నది బిడ్డా" అన్నాడు. వంగి పక్క నుంచి చూస్తే నిజమే: మిగతా బండి అద్దంలా ఉంటే ఆ తలుపు మీద రంగు బత్తాయి తొక్కలా గరుకుగా ఉన్నది, రబ్బరు బీడింగు అంచున సన్నని రంగు గీత పడి ఉన్నది. అప్పుడు 6 గంటల 40 నిమిషాలు. అక్కడే ఫోటోలు తీశాను. ఇంటికి వచ్చి కాగితాలు చూస్తే, బండి తయారైన నెల 2025 ఏప్రిల్. బుకింగు రోజున చెప్పింది "ఈ నెల తయారీ".

షోరూమ్ మేనేజరుది ఒకటే మాట: "మీరు చూసి, సంతకం పెట్టి తీసుకెళ్లారు. రాత్రికి రాత్రి ఎక్కడ తగిలించుకున్నారో మాకెట్ల తెలుస్తది?" నన్ను అబద్ధాలకోరుగా చూసిన ఆ మాటే డబ్బు కన్నా ఎక్కువ బాధ పెట్టింది. ఆ సంతకంతో నా దారి మూసుకుపోయినట్టేనా? ఏడు నెలల కిందటి బండిని చెప్పకుండా ఇవ్వవచ్చునా? బలవంతపు కిట్టు, హ్యాండ్లింగు డబ్బు తిరిగి వస్తుందా? బిల్లు మీద "వివాదాలు హైదరాబాదు కోర్టుల పరిధిలోనే" అని అచ్చు వేశారు. అలాగైతే నేను ఊరు దాటి తిరగవలసిందేనా?

పాలమూరు బాటసారి:

టీచర్ గారికి నమస్కారం. మహబూబ్‌నగర్‌లో మెట్టుగడ్డ వైపు ఒక కార్ల షోరూమ్‌లో ఆరేళ్లు పని చేసి బయటకు వచ్చినవాడిని కాబట్టి, కౌంటరుకు అవతలి వైపు ఏం జరుగుతుందో చెప్పగలను. మీకు జరిగింది అరుదైన సంగతి కాదు. అది చెప్పడానికి నాకు సంతోషంగా లేదు.

జిల్లా శాఖలకు సొంత స్టాకు ఉండదు. బండ్లు హైదరాబాదు శివార్లలోని స్టాక్‌యార్డులో ఎండకు వానకు నిలబడి ఉంటాయి. ఏ బండి ఎవరికి కేటాయించాలో ప్రధాన కార్యాలయం నిర్ణయిస్తుంది, డబ్బు మొత్తం పడినవారి పేరు ముందుకు వస్తుంది. మీ ఎగ్జిక్యూటివ్ దసరాకు ఇస్తానన్నప్పుడు అతని చేతిలో ఛాసిస్ నంబరు లేదని ఖాయంగా చెప్పగలను. అందుకే డబ్బు కట్టే ముందు ఛాసిస్ నంబరు కేటాయింపు కాగితం అడగమని తెలిసిన ప్రతివారికీ చెబుతుంటాను. ఆ నంబరు చేతిలో ఉంటే యార్డుకు వెళ్లి, పగటి వెలుగులో, రిజిస్ట్రేషన్‌కు ముందే బండిని చూసుకోవచ్చు. టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) నంబరు పడిందంటే బండి మీ పేరు మీదకు వచ్చినట్టే, ఇక వెనక్కి ఇవ్వడం కొండను కదిలించడమే.

164 కిలోమీటర్లు నన్ను అంతగా కలవరపెట్టలేదు. యార్డు నుంచి చౌటుప్పల్, చిట్యాల మీదుగా నల్లగొండకు నడిపించుకు వస్తే నూటపది వరకు సులువుగా తిరుగుతుంది. యార్డుకూ షోరూమ్‌కూ మధ్య తిప్పుళ్లు కలిస్తే మిగతా లెక్కా సరిపోతుంది. ట్రైలరు మీద తెస్తే ఖర్చు, డ్రైవరుకు ఇచ్చి పంపితే తక్కువ. అయితే మీరు రాసిన తలుపు సంగతి వేరు. యార్డులో బండ్లను పక్కపక్కన ఇరుకుగా పెడతారు, ఒక తలుపు తెరిస్తే పక్క బండికి తగులుతుంది. ట్రైలరు దించేటప్పుడు కూడా దెబ్బలు పడతాయి. అటువంటి బండిని డీలరు తన బాడీషాపులోనే సరి చేయించి, రంగు కొట్టించి వరుసలో నిలబెడతాడు. చెప్పి, తగ్గించి అమ్మితే తప్పు లేదు. చెప్పరు.

ఇప్పుడు మీకు అక్కరకు వచ్చే సంగతులు రెండున్నాయి. మొదటిది, డెలివరీకి ముందు ప్రతి బండికీ పీడీఐ అనే పరీక్ష చేసి, ఆ పత్రం మీద టెక్నీషియన్ సంతకం పెడతాడు. తలుపులు, రంగు, టైర్లు, బ్యాటరీ అన్నీ అందులో గళ్లుగా ఉంటాయి. రెండోది, బాడీషాపులో పని జరిగితే ఛాసిస్ నంబరు మీద జాబ్‌కార్డు తెరుస్తారు, లేదంటే రంగు, మనిషి కూలి ఏ ఖాతాలో రాస్తారు? పీడీఐ పత్రం నకలు, మీ ఛాసిస్ నంబరు మీద తెరిచిన జాబ్‌కార్డుల వివరాలు కావాలని ఈమెయిల్‌లో అడగండి. ఇవ్వకపోవచ్చు. కానీ అడిగినట్టు, ఇవ్వనట్టు రుజువు మీ దగ్గర ఉంటుంది. దాంతో పాటు పెయింటు మందం కొలిచే మీటరుతో తలుపును కొలిపించండి; పాత కార్లు కొని అమ్మేవారి దగ్గర ఆ మీటరు దొరుకుతుంది. కంపెనీలో పడిన రంగు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది, దాని మీద మళ్లీ కొట్టిన చోట 200 దాటుతుంది. ఒక్క తలుపునే కాదు, నాలుగు తలుపులు, బానెట్టు, డిక్కీ అన్నీ కొలిచి రాయించండి, తేడా అప్పుడే కనిపిస్తుంది.

ఇన్సూరెన్సు గురించి ఒక మాట. మీ బండి 1000 నుంచి 1500 సీసీ మధ్యదైతే, మూడేళ్ల థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి కట్టే) ప్రీమియం 10,640 రూపాయలు, దాని మీద జీఎస్టీ. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన ఆ రేటు ఏ కంపెనీ దగ్గరైనా ఒకటే. బండి విలువ, అంటే ఐడీవీ, మొదటి ఆరు నెలలకు ఎక్స్‌షోరూమ్ ధరలో 95 శాతంగా తీసుకుంటారు, అదీ ఎక్కడైనా ఒకటే. కాబట్టి మీరు చెప్పిన 12,800 రూపాయల తేడా మొత్తం ఓన్ డ్యామేజీ (మన బండి నష్టానికి కట్టే) భాగంలోనూ, యాడ్‌ఆన్‌లలోనూ ఉన్నది. కొత్త కారుకు ఓన్ డ్యామేజీ ఏడాదికే తీసుకుంటారు కనుక వచ్చే ఏడాది మీకు నచ్చిన చోట చేయించుకోండి. క్యాష్‌లెస్ అనేది ఇన్సూరెన్సు కంపెనీకీ వర్క్‌షాపుకూ మధ్య ఒప్పందం. పాలసీ ఎవరి ద్వారా కొన్నారన్నది దానికి అడ్డం కాదు.

చివరగా, ఆ సర్వే ఫోన్ ఇంకా రాకపోతే దాన్ని తేలికగా తీసుకోకండి. డీలరుకు కంపెనీ ఇచ్చే ప్రోత్సాహకాలలో కొంత భాగం ఆ మార్కుల మీద ఆధారపడి ఉంటుంది. మీ ఎగ్జిక్యూటివ్ చెప్పింది అతిశయోక్తి కావచ్చు గానీ పూర్తి అబద్ధం కాదు. నేను కూడా అలాగే బతిమాలిన రోజులున్నాయి.

మూసీ ఒడ్డు:

నాది సూర్యాపేట, ఎరువుల వ్యాపారం, ఇప్పటికి నాలుగు బండ్లు కొన్నాను. అందరూ డీలరును తిడుతున్నారు కాబట్టి రెండో వైపు కూడా ఒకరు చెప్పాలి. సార్, జీఎస్టీ తగ్గిన మొదటి రోజుల్లో, పైగా నవరాత్రులూ అదే రోజున మొదలైనప్పుడు, ఏ షోరూమ్‌లో చూసినా కాలు పెట్టే సందు లేదు. పాత స్టాకు మీద జీఎస్టీకి అదనంగా కట్టిన సెస్సు డీలర్ల ఖాతాల్లో ఇరుక్కుపోయిందని వారి బాధ వారికున్నది. ఏప్రిల్ బండి మీకు అంటగట్టడానికి కారణం అదే అయి ఉంటుంది. తప్పు కాదనను. కానీ ముహూర్తం మీరు పెట్టుకున్నారు, చీకట్లో చూసి సంతకం మీరు చేశారు, మూడు ఉచిత సర్వీసులకు రేపు వెళ్లవలసింది అదే షెడ్డుకు. కేసు వేసిన బండి వర్క్‌షాపులోకి వస్తే మెకానిక్ ఏ మనసుతో పని చేస్తాడో ఆలోచించండి. మేనేజరుతో కూర్చుని, తలుపు మళ్లీ సరిగ్గా రంగు వేయించుకుని, కిట్టు డబ్బు వెనక్కి తీసుకుని ముగించుకోవడమే నయమని నా అభిప్రాయం. హైదరాబాదులో కొన్నా ఇంతే. అక్కడైతే మీ ముఖం కూడా గుర్తుండదు.

దేవరకొండ కోడలు:

మూసీ ఒడ్డు గారి మాటలో ఒక సంగతితో నేను ఏకీభవించలేను. చూసుకోలేదన్న నింద కొన్నవారి మీద వేయడం సులువే గానీ, మధ్యాహ్నం రమ్మని రాత్రి వరకు కూర్చోబెట్టింది ఎవరు? నా జీతంతో నేను కొనుక్కున్న కారుకు కూడా ఇదే జరిగింది. పైగా ప్రతి ప్రశ్నకూ జవాబు నాకు కాకుండా పక్కన కూర్చున్న మా ఆయనకు చెప్పేవారు. ఆర్సీ కార్డు రావడానికి పదకొండు వారాలు పట్టింది. టీచర్ అన్నగారూ, సర్వీసుకు అదే షెడ్డుకు వెళ్లాలన్న భయం అక్కర్లేదు: వారంటీ కంపెనీది, ఆ కంపెనీ అధీకృత వర్క్‌షాపు ఏ ఊళ్లో ఉన్నా పని చేయించుకోవచ్చు. నేను మిర్యాలగూడకు తీసుకెళ్తున్నాను. దూరమే, కానీ అక్కడ నాతోనే మాట్లాడతారు.

గడియారం సెంటర్:

నల్లగొండలో న్యాయవాద వృత్తిలో ఉన్నాను, వినియోగదారుల కేసులు తరచు చూస్తుంటాను. టీచర్ గారు అడిగిన వాటిలో పరిధి గురించిన ప్రశ్న అన్నిటికన్నా తేలికది, అందుకే ముందు అది చెబుతాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం, ఫిర్యాదుదారు నివసించే చోట గానీ, ఉద్యోగం చేసే చోట గానీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు. బిల్లు అడుగున ఎవరో అచ్చు వేయించిన వాక్యం ఆ హక్కును తీసేయలేదు. మీరు చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు కనుక నల్లగొండ జిల్లా కమిషన్ సరిపోతుంది; 5 లక్షలు దాటి 10 లక్షల లోపు ఉన్న కొనుగోలుకు ఫీజు 200 రూపాయలు. న్యాయవాది తప్పనిసరి కాదు, మీరే వాదించుకోవచ్చు. కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్ల గడువు ఉన్నది, కాబట్టి కంగారు పడవలసిన పని లేదు. అయితే సాక్ష్యం మాత్రం రోజు రోజుకూ చెరిగిపోతుంది.

సంతకం విషయంలో మీరు భయపడినంత లేదు. పరిశీలించి తీసుకున్నానన్న కాగితం కళ్లకు కనిపించే లోపాలకు మాత్రమే డీలరుకు కొంత బలం ఇస్తుంది. మళ్లీ రంగు వేసిన తలుపు ట్యూబులైటు కింద మామూలు మనిషికి కనిపించేది కాదు, పైగా ఆ సంగతి తెలిసి దాచినవాడు కాగితం చూపించి తప్పించుకోవడం అంత సులభం కాదు. మీ అసలు బలం వేరే చోట ఉన్నది: రాత్రి డెలివరీ, తెల్లవారి 6 గంటల 40 నిమిషాలకు ఫోటో. పన్నెండు గంటలు కూడా తిరగని ఆ వ్యవధిలో దెబ్బ తగిలి, సరి చేయించి, రంగు వేయించి, ఆరబెట్టడం ఎవరికి సాధ్యం? మేనేజరు మాటకు జవాబు ఆ ఫోటోలోనే ఉన్నది. ఆ ఫోటోలను వాట్సాప్‌లో పంపినవి కాకుండా ఫోన్‌లో ఉన్న అసలు ఫైళ్లుగా భద్రపరచండి, ఫోన్ మార్చకండి. ఫోటోలూ వాట్సాప్ సంభాషణలూ దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జత చేయాలి. పాత చట్టంలో 65బీ అని పిలిచేది ఇదే.

బలవంతపు కిట్టు సంగతికి వస్తే, ఒక వస్తువు కొనాలంటే మరొకటి కూడా కొని తీరాలని షరతు పెట్టడాన్ని వినియోగదారుల రక్షణ చట్టమే 2వ సెక్షన్ 41వ క్లాజులో నిర్బంధ వ్యాపార పద్ధతిగా నిర్వచించింది. ఇన్సూరెన్సుకూ ఇదే వాదన పనికి వస్తుంది, కానీ బయటి పాలసీ తెస్తే డెలివరీ ఆలస్యం చేస్తామన్న మాట మీ దగ్గర రాతలో ఉన్నదా అన్నది చూసుకోండి. నోటి మాటగా మిగిలితే అది బలహీనపడుతుంది. హ్యాండ్లింగు ఛార్జీకి ఏ సేవ చేశారో చెప్పమని రాతపూర్వకంగా అడిగితే చాలాసార్లు అక్కడే వెనక్కి ఇస్తారు, ఎందుకంటే చెప్పడానికి వారి దగ్గర ఏమీ ఉండదు. ఆలస్యం గురించి మాత్రం ఆశ తక్కువ పెట్టుకోండి. డెలివరీ తేదీ బుకింగు కాగితంలో లేదు. అయినా అక్టోబరు 8న పూర్తి డబ్బు తీసుకుని 27 రోజులు బండి ఇవ్వకపోవడాన్ని సేవాలోపంగా రాసి, ఆ 4 వేల వడ్డీ అడగండి.

బండి మొత్తం మార్చి ఇమ్మని అడగాలన్న కోపం మీకు ఉండవచ్చు. నా సలహా, అది ప్రధాన కోరికగా పెట్టకండి. సరిచేయదగిన లోపానికి బండి మార్పిడి దొరకడం కష్టం. విలువ తగ్గినందుకు, దాచినందుకు పరిహారం అడిగితే నిలబడుతుంది. ఏప్రిల్ తయారీ సంగతిలో, తయారైన నెల ఫారం 21 అనే అమ్మకపు ధ్రువపత్రంలోనూ ఆర్సీలోనూ ఉంటుంది కాబట్టి వారు దాన్ని కాదనలేరు. "ఈ నెల తయారీ" అని చెప్పినట్టు వాట్సాప్‌లో ఒక్క వాక్యం ఉన్నా అది తప్పుదారి పట్టించే ప్రకటన అవుతుంది.

తయారీ కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చండి, కానీ జాగ్రత్తగా. 2011లో కొన్న కొత్త కారు 2009లో తయారై కొన్ని వందల కిలోమీటర్లు తిరిగినదని తేలిన గోవా కేసులో, 2021లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఉన్నది: కంపెనీకీ డీలరుకూ మధ్య ఉన్నది సరుకు అమ్మి కొనుక్కునే ఒప్పందమైనప్పుడు, డీలరు చేసిన మోసం కంపెనీకి తెలుసునని చూపకపోతే బాధ్యత డీలరు మీదనే నిలుస్తుంది. అందుకే ముందు కంపెనీకి ఫిర్యాదు రాసి, వారికి తెలిసేలా చేసి, అప్పుడు కేసు వేయడం మంచిది. డీలరు ప్రధాన కార్యాలయానికి, స్థానిక శాఖకు, కంపెనీ వినియోగదారుల విభాగానికి ఒకే లేఖ ఈమెయిల్‌లోనూ, అక్నాలెడ్జిమెంటుతో స్పీడ్ పోస్టులోనూ పంపి పదిహేను రోజుల గడువు ఇవ్వండి. నోటీసు ఇచ్చి తీరాలని చట్టం అనదు, కానీ ఇస్తే కమిషన్ ముందు మీ నడత కనిపిస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు కూడా ఫిర్యాదు చేయవచ్చు. అక్కడివారు ఉత్తర్వు ఇవ్వలేరు గానీ కంపెనీతో మాట్లాడిస్తారు, కొన్నిసార్లు అంతటితోనే తేలుతుంది. తేలకపోతే వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయండి. ప్రతివాదికి జవాబు ఇవ్వడానికి 30 రోజులు, ఆపైన మరో 15 రోజులు. నోటీసు అందిన మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. ఆచరణలో ఏడాదికి సిద్ధపడి ఉండండి.

మూసీ ఒడ్డు గారు చెప్పిన రాజీ దారిని నేను కొట్టిపారేయను. కేసు నడుస్తుండగా కూడా కమిషన్ మధ్యవర్తిత్వానికి పంపవచ్చు. అయితే తలుపుకు మళ్లీ రంగు వేయించుకునే పని మాత్రం ఇప్పుడు చేయకండి. ఆ తలుపే మీ సాక్షి.

పానగల్లు టీచర్:

అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. చెప్పినట్టే చేశాను, మూడు వారాల తర్వాత జరిగింది రాస్తున్నాను.

లేఖ మూడు చోట్లకూ వెళ్లిన నాలుగో రోజున కంపెనీ తరఫున ప్రాంతీయ అధికారి ఒకరు ఫోన్ చేసి, మరునాడే నల్లగొండ వచ్చారు. మర్యాదస్తుడు, బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, పగటి వెలుగులో చూసి, తనే మీటరు పెట్టి కొలిచారు. ఎడమ వెనక తలుపు మీద రెండు చోట్ల 262, 248 మైక్రాన్లు. మిగతా బండి అంతా 108 నుంచి 121 మధ్య. అంకెలు రాసుకునేటప్పుడు పక్కన నిలబడిన మేనేజరు ఏమీ మాట్లాడలేదు. పాలమూరు బాటసారి గారు చెప్పిన పీడీఐ పత్రం నకలు కూడా వచ్చింది: తేదీ నవంబరు 3, అన్ని గళ్లలోనూ టిక్కులు, ఎడమ వెనక తలుపు గడి మాత్రం ఖాళీ. జాబ్‌కార్డు ఏదీ లేదన్నారు.

హ్యాండ్లింగు 6,500 రూపాయలు నా ఖాతాలోకి తిరిగి వచ్చాయి. కిట్టులో వాడని వస్తువులు వెనక్కి తీసుకుని 9,200 రూపాయలు ఇచ్చారు. పర్‌ఫ్యూమ్ సీసా అమ్మ అప్పటికే వాడేసింది. ఇన్సూరెన్సు సంగతిలో నా దగ్గర రాత లేదు కనుక వదులుకున్నాను. తలుపుకు బదులుగా రెండేళ్ల అదనపు వారంటీ ఇస్తామని, అన్ని వివాదాలూ పరిష్కారమయ్యాయని ఒక కాగితం మీద సంతకం చేయమని అడిగారు. డెలివరీకి ముందే ఆ తలుపుకు రంగు వేశారన్న ఒక్క వాక్యం అందులో చేరిస్తే చేస్తానన్నాను. ఆ వాక్యం తప్ప ఏదైనా రాస్తామన్నారు. గడువు ముగిశాక, 200 రూపాయలు కట్టి ఈ-జాగృతిలో దాఖలు చేశాను. మూసీ ఒడ్డు గారికి ఒక మనవి: మొదటి సర్వీసు అదే షెడ్డులో చేయించాను, మెకానిక్ చక్కగానే చేశాడు, చాయ్ కూడా తెప్పించాడు.

సర్వే ఫోన్ మాత్రం మొన్న ఆదివారం వచ్చింది. ఎన్ని మార్కులని అడిగిన అమ్మాయికి మూడు అని చెప్పాను. కారణం అడిగితే, బుకింగు రోజు నుంచి తలుపు వరకు పదకొండు నిమిషాలు వివరించాను, ఆమె ఓపికగా రాసుకున్నది. గంట తిరగకముందే సేల్స్ ఎగ్జిక్యూటివ్ నుంచి ఫోన్. అక్టోబరు 8 తర్వాత ఆయన తనంతట తాను చేసిన మొదటి ఫోన్ అది.